సున్నా కింది నేల

2021 జూన్‌లో ఒక రాత్రి నా చేతులమీదుగా ఒక బావి పోయింది. మైన్‌క్రాఫ్ట్‌లో పిల్లలు తవ్వుకున్న బావి. అదే ఏడాది నవంబరు 30న ఆ ఆటకు 1.18 అనే పెద్ద అప్‌డేట్ వచ్చింది. రెండొందల పైచిలుకు ప్రపంచాలను మేం పాత వెర్షన్ నుంచి అందులోకి దాటించాం. ఆ రోజుల గురించి ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ బావే.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న హోస్టింగ్ కంపెనీలో సర్వర్లు చూసుకుంటాను. మా దగ్గర అద్దెకు తీసుకునేవాటిలో సగానికి సగం మైన్‌క్రాఫ్ట్ సర్వర్లే. ఆడేవాళ్లు ఎవరిళ్లల్లో వాళ్లుంటారు. వాళ్లు కట్టుకున్న ఊళ్లు, కోటలు, రైలు పట్టాలు మాత్రం మా డిస్కుల మీద ఉంటాయి. అవి చెడిపోకుండా, ఆట ఈడ్చుకుంటూ నడవకుండా చూడటం, అప్‌డేట్ వచ్చినప్పుడు పాత ప్రపంచాన్ని క్షేమంగా కొత్తదాంట్లోకి చేర్చడం నా పని. కస్టమర్లలో ఎక్కువమంది అమెరికాలో, యూరప్‌లో ఉంటారు కాబట్టి నాది రాత్రి షిఫ్టు.

బావి ఉన్న సర్వర్ ఒక తెలుగు కుటుంబానిది. 2020 లాక్‌డౌన్‌లో మొదలైంది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు మొత్తం ఏడుగురు. విజయవాడలో ముగ్గురు, హైదరాబాద్‌లో ఇద్దరు, టెక్సస్‌లో ఇద్దరు. ఆ వేసవికి తెనాలి దగ్గర తాతగారి ఊరు వెళ్లడం ఎవరికీ కుదరలేదు. దాంతో తాతగారి ఇంటినే ఆటలో కట్టుకున్నారు. మండువా ఇల్లు. పెంకుల కోసం ఇటుక మెట్ల బ్లాకులు ఏటవాలుగా పేర్చారు. స్తంభాలకు ముదురు రంగు ఓక్ దుంగలు వాడారు. మధ్యలో ఆకాశం కనిపించేలా వదిలేస్తే ఆటలో వాన పడినప్పుడు మండువాలోకే పడేది. పెరట్లో గొడ్లచావిడి, రెండు ఆవులు, పక్కనే బావి. బావిని బెడ్‌రాక్ తగిలేదాకా తవ్వి, అడుగున ఒక్క బ్లాకు లోతు నీళ్లు పోశారు.

బెడ్‌రాక్ అంటే ఆ ప్రపంచానికి అడుగు. అప్పట్లో అది సున్నా ఎత్తు దగ్గర ఉండేది. ఏ పికాక్స్‌తో కొట్టినా పగలదు. పిల్లలు దాన్ని అడుగు అని ఒప్పుకుని ఆగిపోతారు.

జూన్ 8న 1.17 అప్‌డేట్ వచ్చింది. ఆ సర్వర్‌ని మార్చేముందు బ్యాకప్ తీశాను. సర్వర్ నడుస్తుండగానే తీశాను. చేసిన తప్పు అదే. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచాన్ని చంకులుగా దాచుకుంటుంది. చంకు అంటే పదహారు బ్లాకుల పొడవు, పదహారు బ్లాకుల వెడల్పు ఉన్న నేల ముక్క. అలాంటివి 1,024 కలిపి ఒక రీజియన్ ఫైల్. సర్వర్ ఆ ఫైల్లోకి రాస్తున్న క్షణంలోనే మనం కాపీ తీస్తే, సగం పాత రాత, సగం కొత్త రాత చేతికొస్తుంది. కాపీకి ముందు సేవ్-ఆఫ్ అని సర్వర్ రాతను ఆపించి, సేవ్-ఆల్ అని ఉన్నదంతా డిస్కులోకి దింపించాలి. ఆ రాత్రి పదిహేను సర్వర్లు వరసలో ఉన్నాయని ఆ రెండు మాటలూ టైప్ చేయలేదు. మార్పిడి మధ్యలో తేడా వచ్చి బ్యాకప్ వెనక్కి పెట్టాల్సి వచ్చింది. నాలుగు చంకులు చదవలేకపోయానని సర్వర్ లాగ్‌లో రాసింది. చదవలేని చంకును అది ఖాళీగా ఉంచదు. ఆ ప్రపంచాన్ని మొదట పుట్టించిన అంకెతో, అంటే అదే సీడ్‌తో, మళ్లీ పుట్టిస్తుంది. పిల్లలు అడుగు పెట్టకముందు ఆ నేల ఎలా ఉండేదో అచ్చంగా అలాగే వచ్చింది. బావి, గొడ్లచావిడి, ఆవులు ఉన్న చోట బిర్చ్ చెట్లు, గడ్డి, రెండు పసుపు పూలు. ఇంటి ప్రహరీ ఒకచోట తెగిపోయి, అక్కణ్నుంచి అడవి.

విజయవాడ అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లుంటాయి. వాళ్లమ్మ ఫోన్ చేసి, “ఒక్క నిమిషమండీ, మా పాప మాట్లాడుతుందట” అని ఇచ్చింది.

“అంకుల్, తాతయ్య బావేది?”

జరిగింది జరిగినట్టు చెప్పాను. కమాండ్లతో అరగంటలో బావి తవ్వి ఇస్తాను, ఆవుల్ని కూడా తెచ్చిపెడతాను అన్నాను.

“వద్దంకుల్. మేమే తవ్వుకుంటాం. ఇంకోసారి మాత్రం పోనివ్వకండి.”

వాళ్లు తవ్వుకున్నారు. పది రోజులు పట్టింది. నేను ఆ పది రోజుల్లో మా కంపెనీలో బ్యాకప్ తీసే స్క్రిప్ట్ అంతా తిరగరాశాను. రాత ఆపకుండా కాపీ మొదలవ్వదు. కాపీ అయ్యాక ప్రతి చంకునూ తెరిచి చదివి చూడకుండా అది బ్యాకప్ అనిపించుకోదు.

1.18 గురించి అంతకుముందు ఏడాది నుంచే వింటున్నాం. 2020 అక్టోబరు 3న ప్రకటించారు, పేరు కేవ్స్ అండ్ క్లిఫ్స్. గుహలు, కొండలు రెంటినీ ఒకేసారి మార్చేస్తామన్నారు. 2021 వేసవికి ఇస్తామన్నారు. ఏప్రిల్‌లో, ఒక్కసారిగా కుదరదు, రెండు భాగాలు చేస్తున్నాం అని చెప్పారు. జూన్‌లో వచ్చిన 1.17లో రాగి, అమెథిస్ట్, మేకలు, ఆక్సొలాటల్స్ ఇచ్చి, అసలైన నేల మార్పును చలికాలానికి జరిపారు. చాలామంది ఆటగాళ్లు కోప్పడ్డారు. మా కస్టమర్లలోనూ గొడవ పెట్టినవాళ్లున్నారు. నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. స్వీడన్‌లో ఆ ఆట తయారుచేసే మొజాంగ్ వాళ్లు ఇళ్లల్లోంచి పనిచేస్తూ, కోట్లమంది పాత ప్రపంచాల కింద నేల మార్చాలంటే తొందరపడకూడదు. తొందరపడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

సర్వర్లు నడిపేవాళ్లకు అప్‌డేట్లంటే పాత భయం ఒకటుంది. ఆ ఆటలో ప్రపంచం మొత్తం ముందే తయారై ఉండదు, ఆటగాడు నడిచిన మేరకే పుడుతూ పోతుంది. 2013 అక్టోబరులో వచ్చిన 1.7లో నేల పుట్టే పద్ధతి మార్చారు. పాత పద్ధతిలో పుట్టిన చంకు పక్కన కొత్త పద్ధతిలో చంకు పుడితే రెంటికీ పొంతన ఉండదు. ఎడారి మధ్యలో కత్తితో కోసినట్టు అడవి మొదలయ్యేది. నదిలో పడవ వేసుకుని పోతుంటే ఎదురుగా నిలువు గోడ, నది అక్కడితో సరి. అలాంటి గోడలున్న పాత ప్రపంచాలు ఇప్పటికీ మా దగ్గర నాలుగైదున్నాయి.

1.18లో రెండు దిక్కులా ఆలోచించారు. పక్కకు పోయేటప్పుడు, పాత చంకుల అంచున నేల ఎంత ఎత్తులో ఉందో చూసి, కొత్త నేల ఆ ఎత్తు నుంచే మొదలై మెల్లగా తన ఆకారంలోకి వెళ్లేలా చేశారు. కిందికి పోయేటప్పుడు చేసినది నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. ప్రపంచం ఎత్తు అంతకుముందు 256 బ్లాకులు, సున్నా నుంచి మొదలు. ఇప్పుడు 384. పైన 320 దాకా, కింద మైనస్ 64 దాకా. పాత చంకుల్లో సున్నా దగ్గరున్న బెడ్‌రాక్‌ని డీప్‌స్లేట్ అనే నల్లరాయిగా మార్చి, దాని కింద మరో 64 బ్లాకుల లోతు పుట్టించారు. గుహలు, ఖనిజాలు, అన్నిటికంటే అడుగున కొత్త బెడ్‌రాక్. పైనున్న ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, ఒక్క ఇటుక కదలదు. హైదరాబాద్‌లో పాత ఇళ్లు కూల్చకుండా కింద సెల్లార్ తవ్వడం ఎవరూ చేయరు. వీళ్లు అది చేసి చూపించారు.

నేల పుట్టించే లెక్క కూడా కొత్తదే. ఆ పని చేసిన హెన్రిక్ క్నీబెర్గ్ తన పద్ధతిని వీడియోల్లో వివరంగా చెప్పాడు. నేను అవి రాత్రి షిఫ్టులో ఒక్కొక్కటీ రెండుసార్లు చూశాను. ఇదివరకు అడవి అని, ఎడారి అని నిర్ణయించాక దాన్నిబట్టి ఎత్తు వచ్చేది. ఇప్పుడు సముద్రానికి ఎంత దూరం, నేల ఎంత కోసుకుపోయింది, శిఖరమా లోయా అనే వేర్వేరు లెక్కలు కలిసి ఎత్తును నిర్ణయిస్తాయి. అడవులూ ఎడారులూ ఆ నేలను పట్టి సర్దుకుంటాయి. అందుకే అడవి కొండెక్కుతుంది, ఎడారి లోయలోకి దిగుతుంది. నాకు ఇంకా నచ్చింది నీళ్ల సంగతి. ఇంతకుముందు లేనట్టుగా, నేల కింద చోటుచోటుకూ వేరే నీటిమట్టం పెట్టారు. ఒక గుహలో నీళ్లు నిండి ఉంటాయి, పక్క గుహ పొడిగా ఉంటుంది. బోరు వేయించిన ఊళ్లవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

మా పని సెప్టెంబరులో మొదలైంది. ప్రతి సర్వర్‌కీ ఒక నకలు చేసి, వారంవారం వచ్చే స్నాప్‌షాట్లలో, అంటే ప్రయోగ వెర్షన్లలో, దాన్ని తెరిచి చూడటం. ఒకసారి 1.18లోకి వెళ్లిన ప్రపంచం మళ్లీ 1.17లోకి రాదు. కాబట్టి అసలును ముట్టుకోకుండా నకలు మీదే అన్నీ తేల్చుకోవాలి. జావా 17 పెట్టాలి. ఒక చంకులో 65,536 బ్లాకుల చోటు ఉండేది, ఇప్పుడు 98,304. మెమరీ, డిస్కు అన్నీ ఆ మేరకు చూసుకోవాలి. సర్వర్ సెకనుకు ఇరవై టిక్కులు కొట్టుకోవాలి, ఒక్కో టిక్కు యాభై మిల్లీసెకన్లలో అయిపోవాలి. అది దాటితే తలుపు తెరిస్తే తెరుచుకోదు, కొట్టిన బ్లాకు మళ్లీ మొలుస్తుంది. పిల్లలు దాన్నే ల్యాగ్ అంటారు. నలుగురు ఒకేసారి నాలుగు దిక్కులకు పరిగెత్తితే కొత్త నేల పుట్టించలేక మెషీన్ రొప్పేది. అందుకని అడిగినవాళ్లకు చుట్టూ కొంతమేర నేలను తెల్లవారుజామున, ఎవరూ లేనప్పుడు ముందే పుట్టించి ఉంచాం.

కొందరు యజమానులు ఇంకోటి అడిగారు. మా ఊరి పక్కనే కొత్త కొండలు రావాలి, కాబట్టి వాడని చంకులు కోసేయండి అని. కోసేస్తే అవి కొత్త పద్ధతిలో మళ్లీ పుడతాయి. వాడినదో వాడనిదో తెలియడానికి ప్రతి చంకులోనూ ఒక అంకె ఉంటుంది, ఆటగాళ్లు ఆ దగ్గర్లో ఎన్ని టిక్కులు గడిపారో. అయిదు నిమిషాలకన్నా తక్కువ గడిపినవన్నీ కోసేయమని యూరప్ కస్టమర్ ఒకాయన రాశాడు. నకలు మీద కోసి మ్యాప్ చూస్తే, రెండు ఊళ్ల మధ్య వాళ్లు వేసుకున్న రైలు దారి మాయమైపోయింది. బండిలో దూసుకుపోతారు కదా, ఏ చంకులోనూ అయిదు నిమిషాలు ఉండరు. ఆ దారి వెంట చంకులన్నీ చేత్తో గుర్తుపెట్టి, మిగతావి కోశాను. ఒక్క సర్వర్‌కి మూడు రాత్రులు. ఆ మూడు రాత్రులకూ మేం అదనంగా డబ్బు తీసుకోలేదు, తీసుకోవాలని కూడా అనిపించలేదు.

అదే అంకెను పిల్లల సర్వర్లోనూ చూశాను. మండువా ఇంటి చంకులో రెండు కోట్ల పైచిలుకు టిక్కులు. మూడొందల గంటలు. పక్కనే బావి చంకులో నలభై మూడు లక్షలు, అంటే అరవై గంటలు. జూన్‌లో అది మళ్లీ సున్నా నుంచి మొదలైంది కాబట్టి. మధ్యలో లేని రెండొందల నలభై గంటలూ ఆ పిల్లలు అక్కడ గడిపినవే. ఎవరూ అడగకపోయినా ఆ అంకెను ఒక కాయితం మీద రాసి నా టేబుల్ దగ్గర అంటించుకున్నాను.

నవంబరు 30 మంగళవారం. రాత్రి ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వెళ్లాను. ఆ రాత్రి మార్చింది ప్లగిన్లు, అంటే బయటివాళ్లు రాసిచ్చే అదనపు ప్రోగ్రాములు, లేని సర్వర్లు మాత్రమే. ప్లగిన్లు రాసేవాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో రాస్తారు. వాళ్లకు వారం పది రోజులు పడుతుంది. వాళ్లను తొందరపెట్టమని నన్ను తొందరపెట్టిన కస్టమర్లకు ప్రతిసారీ అదే మాట చెప్పాను. పిల్లల సర్వర్‌ని డిసెంబరు 4 శనివారం మార్చాను. సేవ్-ఆఫ్. సేవ్-ఆల్. కాపీ. చంకులన్నీ చదివించడం. అప్పుడు ఫోర్స్ అప్‌గ్రేడ్, అంటే చంకులన్నిటినీ ఒకేసారి కొత్త వెర్షన్లోకి మార్చడం. తెర మీద శాతం ఒక్కొక్కటే పెరుగుతుంటే టీ కూడా తాగలేదు. అయిపోయాక ముందు బావి దగ్గరికి వెళ్లాను. ఉంది. ఆవులు రెండూ ఉన్నాయి.

ఇక అంతా అయినట్టే అనుకుంటున్న వారంలో లాగ్‌ఫోర్‌జే వచ్చిపడింది.

డిసెంబరు 10 శుక్రవారం, మాకు తెల్లవారుజాము. జావాలో లాగ్ రాయడానికి ప్రపంచమంతా వాడే ఆ లైబ్రరీలో పెద్ద లొసుగు బయటపడింది. అలీబాబా క్లౌడ్ భద్రతా బృందంలోని పరిశోధకుడు నవంబరు 24నే అపాచీ వాళ్లకు తెలియజేశాడు. తీవ్రత పదికి పది. అందరికంటే ముందు దెబ్బ కళ్లారా కనపడింది మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో. కారణం చిన్నది. ఎవరు చాట్‌లో ఏం రాసినా సర్వర్ దాన్ని లాగ్‌లో రాసుకుంటుంది. డాలర్ గుర్తు, పూల బ్రాకెట్టు, దానిలో ఒక చిరునామా ఉన్న ఒక్క వాక్యం ఎవరైనా చాట్‌లో పెడితే, లాగ్ రాసే లైబ్రరీ దాన్ని అక్షరాలుగా రాసుకోక, ఆ చిరునామాకు వెళ్లి అక్కడున్న ప్రోగ్రామ్‌ను తెచ్చి నడుపుతుంది. దాంతో మెషీన్ బయటివాడి చేతికి పోతుంది. అంతటితో ఆగదు. ఆ చాట్, ఆట ఆడేవాళ్ల కంప్యూటర్లలోనూ లాగ్ అవుతుంది. అంటే పిల్లల కంప్యూటర్లు కూడా.

మొదట అన్ని సర్వర్లూ ఆపేశాం. ఎవర్నీ అడగలేదు. ఆడుతున్నవాళ్లు ఆడుతుండగానే ఆగిపోయాయి. ఆ రోజే మొజాంగ్ 1.18.1 ఇచ్చింది, పాత వెర్షన్లకు ఏం చేయాలో చెప్పింది. 1.17, 1.18 సర్వర్లను మొదలుపెట్టేటప్పుడు ఒక వాక్యం జోడించాలి. 1.12 నుంచి 1.16.5 దాకా ఒక ఫైలు, 1.7 నుంచి 1.11.2 దాకా ఇంకో ఫైలు పక్కన పెట్టాలి. అంతకన్నా పాతవాటికి ఆ బెడద లేదు. మా దగ్గర ఈ మూడు రకాలూ ఉన్నాయి. పాత వెర్షన్ మీద మమకారంతో ఉండిపోయిన కస్టమర్లు ఎంతమందో ఆ రోజు తెలిసింది.

ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం స్క్రిప్టులతో అయిపోతుంది. ఇళ్లకు ఫోన్లు చేయడం మాత్రం మనుషులే చేయాలి. టెక్సస్‌లో అప్పటికి రాత్రి.

“అమ్మా, నేను సర్వర్ దగ్గర్నుంచి. పిల్లలు గేమ్ పూర్తిగా మూసేశారో లేదో చూడండి. లాంచర్ కూడా మూసి, మళ్లీ తెరవాలి. అప్పుడు దానంతటదే సరైనది తెచ్చుకుంటుంది.”

“ఏమైందండీ? మళ్లీ బావి పోయిందా?”

“లేదమ్మా. బావి బాగానే ఉంది. మీ కంప్యూటర్ గురించి చెప్తున్నా.”

“మోడ్స్ ఏవో వేసుకున్నాడు మా వాడు. ఫర్వాలేదా?”

ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది. మోడ్స్ వేసి మార్చిన గేమ్‌లు వాటంతట అవి సరికావు. ఎవరు రాశారో వాళ్లు సరిచేయాలి. మోడ్స్ తీసేసి, మామూలు గేమే ఆడమని చెప్పాను. ఆ రాత్రీ మర్నాడూ కలిపి మేం నలుగురం నూట ముప్ఫై ఫోన్లు చేశాం. చాలామందికి లాగ్‌ఫోర్‌జే ఏమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ‘మూసి, మళ్లీ తెరవండి’ అనే మూడు మాటలు అర్థమయ్యేలా చెప్పడం ఆ వారంలో నేను చేసిన పనుల్లోకెల్లా ముఖ్యమైనదని ఇప్పటికీ అనుకుంటాను. మా సర్వర్లలో చాట్ లాగులన్నీ వెతికాం. రెండింటిలో ఆ డాలర్ వాక్యం కనిపించింది, మేం ఆపడానికి కాసేపటి ముందే. ఆ రెండు మెషీన్లనూ పూర్తిగా తుడిచేసి, ఆ వారం ముందరి బ్యాకప్‌ల నుంచి ప్రపంచాలను కొత్త మెషీన్లలో నిలబెట్టాం. ప్రతి చంకునూ చదివి చూసిన బ్యాకప్‌లు. ఒక్క బ్లాకు తేడా రాలేదు.

2022 జనవరిలో సంక్రాంతికి ఒమిక్రాన్ వచ్చింది. ఆ కుటుంబం ఆ ఏడూ తాతగారి ఊరు వెళ్లలేదు. భోగి రోజు పొద్దున్న నేను షిఫ్టు దిగబోతుంటే విజయవాడ అమ్మాయి నుంచి మెసేజ్. “అంకుల్, బావి అడుగు తవ్వబోతున్నాం. మీరూ రండి.”

వెళ్లాను. ఏడుగురూ బావి చుట్టూ నిలబడి ఉన్నారు. మండువాలో వసారా నిండా ఉండే కాగడాల్లో సగం తీసేశారు. 1.18లో పూర్తి చీకటి ఉంటే తప్ప దయ్యాలు పుట్టవని వాళ్లే కనిపెట్టుకున్నారు. ఆ అమ్మాయి నిచ్చెన దిగి, అడుగున ఉన్న నీళ్లను బకెట్లోకి తీసింది. ఇంతకుముందు బెడ్‌రాక్ ఉన్న చోట నల్లటి డీప్‌స్లేట్. వజ్రపు పికాక్స్‌తో కొట్టింది. మామూలు రాయికన్నా నెమ్మదిగా, కింది గొంతుతో పగిలింది. ఒక బ్లాకు. ఇంకో బ్లాకు. ఒకరు తవ్వడం, వెనకాల ఒకరు నిచ్చెన బిగించడం, ఇంకొకరు కాగడా పెట్టడం. హైదరాబాద్ పిల్లాడు అంకెలు పైకి చదువుతున్నాడు. మైనస్ పది. మైనస్ ఇరవై. మధ్యలో ఎవరో తాతయ్యకు వీడియో కాల్ కలిపి ఫోన్‌ని తెర ముందు నిలబెట్టారు.

మైనస్ ముప్ఫై ఏడు దగ్గర రాయి పగలగానే పక్క గోడలోంచి నీళ్లు దూకాయి. పోసిన నీళ్లు కావు, అక్కడే ఉన్నవి. పిల్లలు ఏడుగురూ ఒకేసారి అరిచారు. నా హెడ్‌ఫోన్ కాసేపు తీసి పట్టుకోవాల్సి వచ్చింది.

తాతగారికి తెర మీద ఏం కనిపించిందో ఏమో గానీ ఆ కేకలు మాత్రం వినిపించాయి.

“నీళ్లు పడ్డాయా?” అన్నాడాయన.

“పడ్డాయి తాతయ్యా!”

“ఎన్ని నిలువులు దిగారు?”